చప్పుడు అంటున్నది దేన్ని? (6వ భాగం)



ఈ మధ్య విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక రకం వీడియోలు తెగ తిరుగుతున్నాయి. ఫలానా రాగం వింటే బీపీ దిగుతుందట. ఇంకో రాగం వింటే షుగర్ తగ్గుతుందట. గర్భిణి ఫలానా కీర్తన వింటే పుట్టే బిడ్డకు లెక్కలు బాగా వస్తాయట. కింద పెద్దక్షరాలతో 'న్యూరోసైన్స్ నిరూపించింది' అని ఒక ముద్ర. నేను మెదడు డాక్టర్ని కాను, తెలుగు సాహిత్యంలో పిహెచ్‌డి చేసినవాణ్ణి. అయితే లయ నా సబ్జెక్టు, అది పుట్టింది మా ఇళ్ళల్లో. కాబట్టి సైన్స్ ఏం చెప్పిందో ఒకసారి చూద్దాం. ఆ లెక్కలో మన వాడ ఎక్కడుందో కూడా చూద్దాం.

మొదట మొజార్ట్ సంగతి. 1993లో 'నేచర్' పత్రికలో ఒక చిన్న పరిశోధన వచ్చింది. అమెరికాలో 36 మంది కాలేజీ విద్యార్థులకు పది నిమిషాలు మొజార్ట్ సొనాటా వినిపించి, ఆకారాలను మనసులో ఊహించే పరీక్ష పెట్టారు. స్కోరు కొంచెం పెరిగింది. పది పదిహేను నిమిషాల తర్వాత ఆ పెరుగుదల కూడా పోయింది. పసిపిల్లల ఊసే ఆ పేపర్లో లేదు. 1998 కల్లా జార్జియా రాష్ట్ర గవర్నర్ జెల్ మిల్లర్, పుట్టిన ప్రతి బిడ్డకూ శాస్త్రీయ సంగీతం రికార్డు పంచుతానని బడ్జెట్లో 1,05,000 డాలర్లు అడిగాడు! మళ్ళీ పరీక్షించి చూసిన వాళ్ళకు, నచ్చిన కథ వినిపించినా అదే రకం పెరుగుదల కనిపించింది. మన రాగ చికిత్స వీడియోలు దీనికి తోబుట్టువులే. ఆపరేషన్‌కు ముందు సంగీతం వింటే ఆందోళన తగ్గుతుందనడానికి ఆధారాలున్నాయి, కాదనను. అక్కడ పనిచేసేది రోగికి నచ్చిన పాట. ఆ పాటకు కులం సర్టిఫికెట్ అక్కర్లేదు.

ఇక అసలు విషయం. దెబ్బ వినపడితే మెదడులో మేలుకునేది వినికిడి భాగం ఒక్కటే కాదు. మనిషి కదలకుండా పడుకుని స్కానర్లో ఉన్నా, దరువు అందగానే కాళ్ళూ చేతులను కదిలించే భాగాలు పనిలోకి దిగుతాయి. బేసల్ గాంగ్లియా, దాంతో పాటు కదలికను ముందుగా సిద్ధం చేసే పై భాగాలు. అంటే మెదడు వరకు వినడమే సగం ఆడటం. పార్కిన్సన్స్ జబ్బులో దెబ్బతినేది ఈ బేసల్ గాంగ్లియా వ్యవస్థే. అందుకే అడుగు పడక ఆగిపోయే మనిషికి బయటి నుంచి నిలకడైన దరువు ఇస్తే నడక మెరుగవుతుందని 1990ల నుంచి పరీక్షించి చూపిస్తున్నారు. 2009లో హంగరీలో రెండు మూడు రోజుల పసికందులు నిద్రపోతుండగా దరువు వినిపించి, మధ్యలో ముఖ్యమైన దెబ్బ ఒకటి ఎగరగొట్టారు. నిద్రలోనే ఆ మెదళ్ళు 'ఏదో తప్పింది' అని స్పందించాయి. ఆ వయసుకు ఇంకా పేరు కూడా పెట్టరు.

మాట కూడా ఇక్కడిదే. ఎరిక్ జార్విస్ అని న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీ శాస్త్రవేత్త ఉన్నాడు. హార్లెమ్‌లో పుట్టిన నల్లజాతి బిడ్డ, సైన్సులోకి రాకముందు డాన్స్ నేర్చినవాడు. చిలుకలు, పాట నేర్చే పిట్టలు, తేనెపిట్టల్లాంటి హమ్మింగ్ బర్డ్స్ మెదళ్ళు చూసి ఆయన ప్రతిపాదించింది ఏమిటంటే, కొత్త శబ్దాలు నేర్చుకునే వ్యవస్థ ఒంటిని కదిలించే వ్యవస్థ పక్కనే, దాని నుంచే పుట్టింది అని. ఇది సిద్ధాంతమే, చర్చ నడుస్తోంది. అయినా ఒక నృత్యకారుడు ఆ ప్రశ్న అడగడం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు. లాబ్‌లోకి ఎవరు అడుగుపెడతారన్న దాన్ని బట్టి లాబ్‌లో పుట్టే ప్రశ్నలు మారతాయి. రిజర్వేషన్ మీద వాదించే తమ్ముళ్ళు ఈ ముక్క దాచుకోండి.

2003లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో 75 ఏళ్ళు దాటిన 469 మందిని ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనం వచ్చింది. నడక, ఈత, సైకిల్ అన్నీ లెక్కేస్తే, మతిమరుపు జబ్బు ముప్పు తక్కువగా కనిపించిన ఒకే ఒక్క శారీరక వ్యాపకం డాన్స్. వాయిద్యం వాయించడం, చదవడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. డాన్స్ వల్లనే తగ్గిందని అది తేల్చలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే ఆడగలిగి ఉండొచ్చు కదా. కానీ ఆ జాబితాలోని పనులన్నీ మనిషి తానే చెయ్యాల్సినవి. హెడ్‌ఫోన్ పెట్టుకుని సోఫాలో కూర్చోవడం అందులో లేదు.

మరి ఈ నేల మీద చేసినవాళ్ళెవరు?

డప్పును చూడండి. చెక్క పలక మీద మేక తోలు బిగిస్తారు. వాయించే ముందు మంట దగ్గర కాస్తారు, లేకపోతే పలకదు. ఎడమ భుజానికి తగిలించి కుడిచేత్తో సిర్ర, ఎడమచేత్తో సిటికెన పుల్ల. ఒక చెయ్యి ఒక లెక్క, ఇంకో చెయ్యి ఇంకో లెక్క, కాళ్ళది మూడో లెక్క, పక్కవాడి అడుగు మీద కన్ను. రెండు చేతులు, అడుగు, చెవి, చూపు ఒక్కసారిగా కలిసే పని కావాలని ఏ రీహాబ్ సెంటర్ అయినా అడిగితే నేను డప్పునే చూపిస్తాను. మృదంగానిదీ తోలే. ఆవు తోలు, గేదె తోలు, మేక తోలు. దాన్ని కోసి, బిగించి, శ్రుతికి తెచ్చినవాళ్ళలో ఎక్కువ మంది తమిళనాడు దళిత క్రైస్తవులని టి.ఎం. కృష్ణ 'సెబాస్టియన్ అండ్ సన్స్' పుస్తకం రాస్తే, 2020లో ఆవిష్కరణ సభకు ఇచ్చిన హాలును కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. ఒకటే తోలు. ఒకటి కచేరీ, ఇంకొకటి చప్పుడు.

'చప్పుడు' అన్న మాట నాది కాదు. నేను పనిచేసిన ఒక కాలేజీలో 'సంగీతం-ఒత్తిడి నివారణ' అని సెమినార్ పెట్టారు. వక్తకు శాలువా, కవరు, రానుపోను కారు. మా పిల్లలు ఆఖర్న పది నిమిషాలు డప్పు వేస్తామని అడిగారు. "సెమినార్ హాల్లో చప్పుడు ఎందుకండీ, అతిథుల్ని గేటు దగ్గర్నుంచి తీసుకురావడానికి పెట్టుకుందాం" అని జవాబు. పిల్లలు గేటు దగ్గరా వాయించలేదు. అది వాళ్ళ నిర్ణయం, నాకు గర్వంగానే ఉంది.

మా పెద్దనాయన సంగతి ఇక్కడ చెప్పాలి. యాభై ఏండ్లు డప్పు కొట్టిన మనిషి. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, దాంతో పాటు మాట పోయాయి. తీసుకెళ్ళిన ఆసుపత్రిలో "మాట ఇంక రాదు, తీస్కపోండ్రి" అన్నారు. నీళ్ళు కావాలంటే చెంబు వైపు చూసి ఏడ్చేవాడు. ఒకరోజు మా పెద్దమ్మ వడ్లు చెరుగుతూ నాట్ల పాట ఎత్తుకుంటే, మంచంలోంచి ఆయన అందుకున్నాడు. మాటలతో సహా, రెండు చరణాలు! వాడంతా పోగైంది. "పాట వస్తది గాని మాట రాదా? యాక్టింగు జేస్తుండు" అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ మాటకు పెద్దమ్మ వాళ్ళను వాకిట్లోంచి వెళ్ళగొట్టింది.

యాక్టింగు కాదు. మాటను నడిపే ఏర్పాటు చాలామందిలో ఎడమ మెదడులో ఉంటుంది. పాటకు కుడి వైపు నుంచి కూడా పెద్ద ఆసరా ఉంటుంది, పైగా కంఠతా వచ్చిన పాట వేరే దారిలో భద్రంగా ఉండిపోతుంది. దీన్ని పట్టుకునే 1973లో బోస్టన్ వైద్యులు ఒక పద్ధతి చెప్పారు, మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీ. రోజూ కావలసిన చిన్న మాటను, 'నీళ్ళు కావాలె' లాంటిదాన్ని, రెండు స్వరాల్లో పాడిస్తారు. ఒక్కో అక్షరానికి ఎడమ చేతితో ఒక తట్టు తట్టిస్తారు. మెల్లగా రాగం తగ్గిస్తూ మాటలోకి దించుతారు. అందరికీ పనిచేయదు. సాధన చేసిన మాటలు బాగుపడినంతగా మామూలు సంభాషణ బాగుపడదని పరీక్షల్లో తేలింది కూడా. కానీ మా పెద్దనాయనకు 'నీళ్ళు కావాలె' చాలు. సిటికెన పుల్ల పట్టిన ఆ ఎడమ చేతికి దరువు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ పద్ధతి పేరు కూడా మాకు ఎవరూ చెప్పలేదు. నేను దాన్ని చదివేనాటికి ఆయన పోయి నాలుగేళ్ళు. స్పీచ్ థెరపిస్టు అనే మనిషి మా మండలంలో అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు.

ఇక్కడే ఇంకో బ్యాచ్ తయారుగా ఉంటుంది. "అందుకే సార్, మీ కళ అంత గొప్పది, మీవాళ్ళు ఎందుకు వదిలేస్తున్నారు? చావుకు పిలిస్తే కుర్రాళ్ళు రావడం లేదు, జానపదం అంతరించిపోతోంది" అంటారు. జానపద సంకలనాల ముందుమాటల్లో కూడా ఈ కన్నీళ్ళు చదివీ చదివీ విసిగాను. ఆ పుస్తకాల్లో వందల పాటలుంటాయి, పాడిన మాదిగామె పేరు మాత్రం ఉండదు.

బ్రెజిల్‌లో హైస్కూలు పిల్లలతో 2015లో ఒక ప్రయోగం ప్రచురించారు. కలిసి ఒకే తాళానికి ఆడిన పిల్లలు, బీపీ పట్టీ బిగిస్తే ఎక్కువ నొప్పి ఓర్చుకోగలిగారు. ఒళ్ళు అలిసేలా ఆడటం, అందరూ ఒకే అడుగు వెయ్యడం, రెండూ విడివిడిగా పనిచేశాయి. ఇది చదవగానే నాకు బురదలో నడుం వంచి, ఒకే వరసలో, ఒకే పాటకు చేతులు కదిపే నాట్ల కూలీలు గుర్తొచ్చారు. ఆ ప్రయోగం పొలంలో చేసింది కాదు, కానీ పోలిక కళ్ళకు కడుతుంది. అయితే మన పండితులు దీన్ని "పాడుకుంటూ శ్రమను మరిచేవారు" అని పాఠంలో పెట్టి మురిసిపోతారు. నొప్పి ఉంది కాబట్టి మందు పుట్టింది సార్. ఆ నొప్పి ఎవరిచ్చారు, ఆ పూటకు కూలి ఎంత కొలిచారు అన్నది కూడా పాఠంలో పెట్టండి.

చావు డప్పు సంగతీ అంతే. అందరూ కలిసి ఇష్టంగా ఆడితే ఒంటికి మేలు. రాత్రంతా శవం ముందు, రానంటే ఊరు వెలివేస్తుందన్న భయంతో, డబ్బుకు బదులు సారా పోయించుకుని కొట్టే మనిషి ఒంట్లో ఏం జరుగుతుంది? మా వాడలో డప్పు కొట్టినవాళ్ళలో తాగుడు తప్పించుకున్నవాళ్ళను నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. దరువు అదే, చెక్క అదే, తోలు అదే. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ మన జనాన్ని చచ్చిన గొడ్డును మొయ్యొద్దన్నాడు. దాన్ని సంప్రదాయ విధ్వంసం అన్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు. వెట్టి డప్పును కింద పెట్టిన కుర్రాడు ఏ కళనూ చంపలేదు. 1994లో ఈదుమూడి నుంచి దండోరా బయల్దేరినప్పుడు అదే డప్పును తన కోసం తాను భుజానికెత్తుకున్నాడు, పేరు చివర మాదిగ అని రాసుకుని మరీ. ఆ రెంటి మధ్య తేడా తెలియనివాళ్ళు మనకు కళ గురించి చెప్పొద్దు.

కాబట్టి మనం అడగాల్సింది 'ఫోక్ ఫెస్ట్' పేరుతో ఏడాదికి ఒక పూట కాదు. బళ్ళో డ్రాయింగ్ టీచర్ లాగా డప్పు టీచర్, జీతంతో. ఆ క్లాసులో అన్ని కులాల పిల్లలూ సిర్ర పట్టాలి, మన పిల్లలే పట్టాలంటే అది మళ్ళీ వెట్టే. జిల్లా ఆసుపత్రిలో పక్షవాతం రోగులకు స్పీచ్ థెరపీ, వాళ్ళ యాసలో, వాళ్ళకు వచ్చిన పాటతో. తెలుగు ఎం.ఏ. చేసి ఖాళీగా ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ ఊళ్ళో ముసలోళ్ళ పాటలు రికార్డు చేసి, పాడినవారి పేరుతో, ఊరుతో, రాసిపెట్టండి. రేపు థెరపిస్టు అంటూ ఒకరు వస్తే వాళ్ళకు కావలసిన సామాను అదే.

ఈ నెల ఆఖరి ఆదివారం మా వాడ కమ్యూనిటీ హాల్లో పొద్దున పది నుంచి డప్పు నేర్పుతున్నాం. నేర్పేది మా చిన్నాయన, ఆయనకు రోజు గౌరవ వేతనం ముందే చేతిలో పెట్టాం. పక్షవాతం వచ్చినవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళనూ తీసుకురండి, కుర్చీలు ఉన్నాయి. మొదటి గంట ఎడమ చేతి పాఠమే. పుల్లలు మేమే చెక్కి ఉంచుతాం.