వర్క్‌స్పేస్ కూడా పనిముట్టే

ఆత్మకూరు, ఉదయగిరి వంటి ఊళ్లలోని ఫోటో స్టూడియోలకూ ఫ్లెక్సీ దుకాణాలకూ రోజూ వచ్చే పనులు పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, పెళ్లి ఆల్బమ్ పేజీలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, వర్ధంతి పోస్టర్లు వంటి కొద్ది రకాలే. ఆ పనులు జరిగే ఫోటోషాప్ మాత్రం అన్ని దేశాల, అన్ని వృత్తులవారి కోసం తయారైనది కావడం చేత, తెరవగానే కనబడే అమరిక, అంటే ఏ ప్యానెల్ ఎక్కడ ఉండాలో, ఏ మీట నొక్కితే ఏమి జరగాలో నిర్ణయించే ‘వర్క్‌స్పేస్’, ఈ దుకాణాల్లో దేనికీ సరిగ్గా అతకదు. అయినా కంపెనీ ఇచ్చిన అమరికను తాకడానికి చాలామంది ఆపరేటర్లు జంకుతారు. శిక్షణ కేంద్రాల్లో సాధారణంగా టూళ్ల పేర్లు నేర్పుతారే తప్ప, వాటిని పనికి తగినట్టు సర్దుకోవడం పాఠంగా చెప్పరు.

పాస్‌పోర్ట్ ఫోటోనే తీసుకుంటే, 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తుకు క్రాప్ చేసి, రిజల్యూషన్‌ను 300కు పెట్టి, అంచు గీసి, 4×6 అంగుళాల కాగితం మీద ఎనిమిది ప్రతులు పేర్చడం దాకా ప్రతి గిరాకీకీ అదే వరుస. ఒకసారి చేసిన పనుల వరుసను గుర్తుపెట్టుకొని మళ్లీ తానే నడిపించే ‘యాక్షన్’ అనే సదుపాయం 1996 నాటి 4.0 వెర్షన్‌తోనే వచ్చింది. దాన్ని ఎఫ్2 వంటి ఫంక్షన్ మీటకు ముడివేస్తే, ముఖం ఎంత మేర రావాలో కంటితో చూసుకోవలసిన క్రాప్ దగ్గర మాత్రం ఆగేలా పెట్టుకొని, మిగిలినదంతా యంత్రానికి వదిలేయవచ్చు.

ఫ్లెక్సీ పనిలో చిక్కు వేరు. గిరాకీ అడుగుల్లో కొలత చెబుతాడు, ఫోటోషాప్ కొలతల్లో అడుగు లేదు. కనుక 6×4 అడుగుల ఫ్లెక్సీని 72×48 అంగుళాలుగా పెట్టి, 72 రిజల్యూషన్‌తో 5184×3456 పిక్సెళ్ల ఖాళీ పేజీని తెరిచే ప్రీసెట్‌ను, అంటే ముందే నింపి ఉంచిన కొలతను, ఒకసారి దాచుకోవడం మేలు. ఇక ఫ్లెక్సీ మీది రాత కోసం తెలుగు టైపింగ్ కీబోర్డు ఆన్‌లో ఉండగా ఒంటి అక్షరపు షార్ట్‌కట్లను నమ్మడానికి లేదు. టూళ్లకు ఒంటి ఇంగ్లిష్ అక్షరాలే దిక్కు కాబట్టి, తరచుగా వాడే మెనూ ఆజ్ఞలనైనా ఫంక్షన్ మీటలకు మార్చుకోవాలి. అలాగని కంట్రోల్-ఎస్‌నూ కంట్రోల్-జెడ్‌నూ కదిలించడం తెలివితక్కువే, ఎందుకంటే పక్క దుకాణంలో కూర్చున్న రోజున ఆ చేయి దారి తప్పుతుంది.

భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరి చెక్క చెంచాలను ఆన్‌లైన్‌లో అమ్మడానికి ఫోటోలు సిద్ధం చేసేవారికి మళ్లీ వేరే అమరిక కావాలి. వెలుగునీడలను సరిదిద్దే ‘లెవెల్స్’, ఫోటోలో వెలుగూ చీకటీ ఏ పాళ్లలో ఉన్నాయో చూపే హిస్టోగ్రామ్, ప్రతి చెంచానూ ఒకే కొలతలో నిలిపే గైడ్ గీతలు ఉంటే సరిపోతుంది. కుంచెల ప్యానెళ్లన్నీ మూసేయవచ్చు.

ఇంత సర్దుకున్నదంతా సిస్టమ్ ఫార్మాట్ చేయగానే పోవడం దుకాణాల్లో మామూలే. షార్ట్‌కట్లు కేవైఎస్ ఫైలుగా, యాక్షన్లు ఏటీఎన్ ఫైలుగా బయటికి తీయగలిగినవే. వాటిని పెన్‌డ్రైవ్‌లో దాచుకొనే హక్కు దుకాణం యజమానితోపాటు, వాటిని కూర్చిన ఆపరేటర్‌కూ ఉండాలి. ఉద్యోగం మారిన రోజున అతను సంపాదించిన నేర్పులో ఆ ఫైళ్లు కూడా భాగమే కదా. డబ్బు కట్టనక్కరలేని ‘జింప్’ అనే ఫోటో ఎడిటర్‌లోనూ మీటలన్నీ మార్చుకోవచ్చు గనుక, లైసెన్సు ఖర్చు భరించలేని చిన్న దుకాణం ఈ సర్దుబాటును అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.