పన్ను అనే మాట, పంటి బీమా

తెలుగు నేర్చుకునేవారిని తికమక పెట్టే మాట ‘పన్ను’. నోట్లో ఉండేదీ పన్నే, ప్రభుత్వానికి కట్టేదీ పన్నే. ‘పళ్లు’ అంటే చెట్టుకు కాసేవి కూడా. గుడి తరగతిలో మేము దీనికి బాగా నవ్వుకునేవాళ్లం. ఇక్కడ ఇర్వింగ్‌లో పంటి డాక్టరు బిల్లు చూస్తే, మొదటి రెండు అర్థాలూ ఒకటేనేమో అనిపిస్తుంది. (‘పన్ను డాక్టరు’ అనకండి. ఇంకో మాట పక్కన చేరితే ‘పన్ను’ ‘పంటి’ అవుతుంది: పంటి నొప్పి, పంటి బీమా.)

మారిషస్ నుంచి ఇక్కడికి వచ్చిన మనవాళ్లకు ఈ బీమా కొత్త. అక్కడ ప్రభుత్వ ఆసుపత్రిలో పన్ను చూపించుకుంటే డబ్బు అడగరు. ఇక్కడ సాధారణంగా చెయ్యి విరిగితే ఒక కార్డు, పన్ను విరిగితే ఇంకో కార్డు.

ఆ రెండు కార్డులూ ఒకేలా పనిచేయవు. ఆరోగ్య బీమాలో సాధారణంగా మీ ఖర్చుకు ఏడాదికి ఒక హద్దు ఉంటుంది. అది దాటితే కంపెనీ భరిస్తుంది. పంటి బీమా దీనికి తలకిందులు. హద్దు ఉండేది కంపెనీ ఇచ్చే డబ్బుకు. చాలా ప్లాన్లలో అది ఏడాదికి 1,000 నుంచి 2,000 డాలర్ల లోపే. ఆ తర్వాత అంతా మీ జేబులోంచే. నా దృష్టిలో ఇది బీమా కన్నా డిస్కౌంట్ కూపన్‌కు దగ్గర.

బోర్డు మీద ఒక లెక్క వేద్దాం. చాలా ప్లాన్లు శుభ్రం చేయడానికి 100 శాతం, ఫిల్లింగ్‌కు 80, క్యాప్‌కు 50 శాతం ఇస్తాయి. మీ రూట్ కెనాల్‌కు 1,200 డాలర్లు, దాని మీద క్యాప్‌కు 1,400 అనుకోండి. మొదటి 50 మీరు కట్టాలి. మిగిలిన 1,150లో 80 శాతం, అంటే 920 కంపెనీ ఇస్తుంది. క్యాప్‌లో సగం 700. మొత్తం 1,620 రావాలి. కానీ మీ హద్దు 1,500. అంతే వస్తుంది. మీరు కట్టేది 1,100. ఒక్క పంటికే ఏడాది బీమా అయిపోయింది!

అందుకే ఇంట్లో పెద్దవాళ్లు ‘పీకించేస్తే పోతుంది కదా’ అంటారు. తొందరపడకండి. చాలా ప్లాన్లలో, ప్లాన్ మొదలయ్యే ముందే ఊడిన పంటి స్థానంలో కొత్తది పెట్టడానికి డబ్బు ఇవ్వరు. ఇర్వింగ్‌లో ఉద్యోగాలు మారేవాళ్లు ఎక్కువ. ఉద్యోగం మారితే ప్లాన్ మారుతుంది. పాత ప్లాన్‌లో పీకించిన పన్ను కొత్త ప్లాన్‌కు ‘ముందే లేని పన్ను’ అవుతుంది. 65 దాటినవారికి మెడికేర్ ఉంది కదా అంటారు. 1965 నాటి చట్టమే మామూలు పంటి వైద్యాన్ని అందులోంచి తీసేసింది. కొన్ని మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లు కొంత ఇస్తాయి, వాటికీ హద్దు ఉంటుంది.

ఇవన్నీ ప్లాన్ కాగితంలో ‘మినహాయింపులు’ అనే చోట ఉంటాయి. పళ్లు తెల్లగా చేయించుకోవడం, కొత్తగా చేరినవారు పెద్ద పనులకు ఆగాల్సిన నెలలు, అన్నీ అక్కడే. ఫిజీలో ‘గిరిమిట్’ అనే మాట అగ్రిమెంట్ నుంచి వచ్చింది. ఆ కాగితం మీద వేలిముద్ర వేసినవారిలో చాలామందికి అది చదవడం రాదు. మనకు వచ్చు.

డాక్టరు ఆఫీసులో ఏమి అడుగుతున్నారో కూడా చూసుకోండి. ‘మా బీమా తీసుకుంటారా?’ అంటే దాదాపు అందరూ ‘తీసుకుంటాం’ అంటారు. అంటే మీ తరఫున బిల్లు పంపుతారని మాత్రమే కావచ్చు. ‘మా ప్లాన్ నెట్‌వర్క్‌లో ఉన్నారా?’ అని అడగండి. నెట్‌వర్క్‌లో ఉంటే ముందే ఒప్పుకున్న ధర. లేకపోతే, కంపెనీ లెక్కకూ డాక్టరు ధరకూ మధ్య తేడా మీరే కట్టాల్సి రావచ్చు.

పెద్ద పని అయితే ‘ముందు అంచనా’ తెప్పించమనండి. ప్రతి పనికి ఒక కోడ్ ఉంటుంది. పింగాణీ క్యాప్‌కు డి2740. ఆఫీసువాళ్లు ఆ కోడ్లు కంపెనీకి పంపితే, ఎంత ఇస్తారో, ఈ ఏడాది ఎంత మిగిలిందో కాగితం మీద వస్తుంది. అది హామీ కాదు. కానీ కుర్చీలో కూర్చోకముందే అంకె తెలుస్తుంది.

ఆ అంకె మోయలేనిదైతే డాలస్‌లో టెక్సస్ ఏ అండ్ ఎం వారి దంతవైద్య కళాశాల ఉంది. అధ్యాపకులు పక్కన ఉండగా విద్యార్థులు వైద్యం చేస్తారు. బయటికన్నా ఖర్చు తక్కువ, సమయం ఎక్కువ పడుతుంది. వెళ్లేటప్పుడు ఒక పుస్తకం పట్టుకెళ్లండి, తెలుగుదైతే మరీ మంచిది.