చూడటానికి ఎక్కించిన మందే...

బగ్గు వెతకడానికి రాసిన కోడే కొత్త బగ్గయితే తీసేస్తాం. వెన్నులో ఆ సౌకర్యం లేదు. 1940ల నుంచి 1980ల దాకా, ఎక్స్‌రేలో వెన్ను నరాలు కనబడాలని పాంటోపేక్, మయోడిల్ పేర్లతో ఒక నూనెమందు ఎక్కించేవారు. కొందరిలో వెన్నుపాము చుట్టూ ఉండే పొరలు వాచి, మచ్చకట్టి, నరాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఈ అరక్నాయిడైటిస్‌ని పూర్తిగా నయంచేసే వైద్యం నేటికీ లేదు.

నీటిలో కరిగే మందులు, ఎమ్మారై వచ్చాక ఆ నూనె అవసరం తీరిపోయింది. కానీ వెన్ను ఆపరేషన్ల వల్లా, అరుదుగా వెన్నులోకిచ్చే ఇంజెక్షన్ల వల్లా ఈ జబ్బు ఇప్పటికీ రావచ్చు. రోజంతా కుర్చీలో కూర్చుని నడుంనొప్పి తెచ్చుకునే మనం, ఇన్స్యూరెన్సు ఇస్తోంది కదా అని వాటికి తలూపకూడదు. కాళ్ళు చచ్చుబడుతున్నా, మూత్రం పట్టు తప్పినా ఆలస్యం తగదు. తక్కిన నొప్పులకి మాత్రం, "కొన్నాళ్ళు ఆగితే ఏమవుతుంది?" అని ముందు డాక్టరుని అడగండి.