అద్దె లేని అక్షరమాల

మన అక్షరాలతో ఉత్తరం వ్రాసుకొనుటకు ఎవరికీ అద్దె కట్టనక్కరలేదు గదా! కంప్యూటరు ప్రాసెసరు సంగతి అట్లు కాదు. దానికి అర్థమయ్యే ఆజ్ఞల పట్టిక చాలావరకు ఏదో ఒక కంపెనీ సొత్తు. ఆ పట్టికతో చిప్పు చేయదలచినవారు అనుమతి పొంది రుసుము చెల్లించాలి.

2010లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంవారు రిస్క్-ఫైవ్ అనే పట్టికను ప్రారంభించి, అందరికీ ఉచితంగా విడిచిపెట్టారు. మన మద్రాసు ఐ.ఐ.టి. వారి ‘శక్తి’ ప్రాసెసర్లు దాని చలవే. 2024లో వచ్చిన రాస్‌బెర్రీ పై పీకో 2 బోర్డులో రుసుము పట్టిక, ఉచిత పట్టిక రెండూ ఉన్నవి. ఏది కావలెనన్న అది వాడుకొనవచ్చును. ప్రకటించిన వెల 5 డాలర్లు.

లాప్‌టాప్ కొనే తాహతు లేక, మా అమ్మాయికి ఈ బోర్డు కొన్నాను. “పట్టిక ఉచితమైతే దీనికి డబ్బెందుకు నాన్నా?” అన్నది. “అక్షరాలు ఉచితమే తల్లీ, కాగితం, సిరా, అచ్చుకూలి కావు” అన్నాను.

అయితే ఒక హెచ్చరిక: ఇది ఇంటి కంప్యూటరుకు బదులు కాదు. దీనికి ఆజ్ఞలు వ్రాసి ఎక్కించుటకు మరొక కంప్యూటరు కావాలి. మా అమ్మాయి సంఘం గ్రంథాలయంలోని దానితో ఆ పని కానిచ్చింది. నిన్న నేను ఆఫీసు నుండి వచ్చేసరికి, బోర్డు మీది చిన్న దీపం ఆరుతూ వెలుగుతూ ఉన్నది.