కారంపూడి నుంచి త్యాగచక్రం దాకా

పాత ఇంగ్లిష్ వీరకావ్యాలు వీరుడి కండబలాన్ని మెచ్చుకుంటాయి కానీ, అంతకన్నా ఎక్కువగా మెచ్చుకునేది అతను మాట నిలుపుకోవడాన్ని. దొర తన కొలువులో మధువు పోయించి, కత్తులు, గుర్రాలు, బంగారు కడియాలు పంచిపెడతాడు. ఆ ఉప్పు తిన్నవాడు యుద్ధంలో దొర పక్కనుంచి కదలకూడదు. దొర నేలకొరిగాక ప్రాణాలు దక్కించుకుని ఇంటికి చేరడం బతికినంతకాలం తలవంపు. 3,182 పాదాల 'బేవుల్ఫ్' చివర ముసలి రాజు డ్రాగన్‌తో తలపడినప్పుడు తోడు వచ్చినవాళ్లంతా అడవిలోకి పారిపోతారు. విగ్లాఫ్ అనే కుర్రవాడు ఒక్కడే నిలబడతాడు. కావ్యమంతటిలో మనసును పట్టి ఆపే ఘట్టం ఇదే.

991లో ఎసెక్స్ తీరాన మాల్డన్ దగ్గర వైకింగులతో జరిగిన పోరు మీద మరో కావ్యం ఉంది. మొదలూ చివరా పోయి 325 పాదాలే మిగిలాయి. మూలప్రతి 1731 నాటి అగ్నిప్రమాదంలో కాలిపోయింది. అంతకుముందే ఎవరో నకలు రాసిపెట్టడం వల్ల ఇది దక్కింది. సేనాని బిర్త్‌నోత్ అతిశయానికి పోయి శత్రువును ఏరు దాటనిచ్చాడని కవి దాచకుండా చెబుతాడు. అతను పడిపోగానే గోడ్రిక్ అనేవాడు దొర గుర్రమే ఎక్కి పారిపోతాడు. దొరే వెళ్లిపోతున్నాడనుకుని సేన చెదురుతుంది. నిలిచినవాళ్లలో డున్నెరే అనే మామూలు రైతు ఒకడు. ప్రభువుల సరసన అతని పేరూ, అతని మాటా కవి చేర్చాడు.

తెలుగు పాఠకుడికి ఇక్కడ పల్నాడు గుర్తుకు రాక మానదు. 12వ శతాబ్దపు కారంపూడి పోరును శ్రీనాథుడు ద్విపదలో రాశాడని ప్రతీతి. అంతకంటే గట్టిగా దాన్ని నిలబెట్టినవాళ్లు ఊరూరా పాడిన వీరవిద్యావంతులు. బిర్త్‌నోత్ అతిశయం లాంటిదే బాలచంద్రుడి తొందర: పెద్దలు సంధికి మొగ్గినా అతను ఒప్పుకోలేదు. అయితే ఒక్క విషయంలో పల్నాటి కథ ఇంగ్లిష్ కావ్యాలను మించిపోయింది. ఆంగ్లో-శాక్సన్ కొలువులో ఎవరి హోదాకు తగ్గ చోటు వారిది. బ్రహ్మనాయుడి చాపకూడులో అన్ని కులాలవాళ్లూ ఒకే చాప మీద కూర్చుని తిన్నారు. మాలవాడైన కన్నమదాసు సేనను నడిపాడు. ఇప్పటికీ కార్తీక అమావాస్యకు కారంపూడిలో ఆ వీరులకు ఆరాధన జరుగుతుంది.

ఢిల్లీకీ తన వీరగాథ ఉంది. పృథ్వీరాజ్ చౌహాన్ 1192లో తరాయిన్‌లో ఓడిపోయాడు. చాంద్ బర్దాయి పేరిట ఉన్న 'పృథ్వీరాజ్ రాసో'లో తర్వాతి తరాలు చేర్చిన భాగం చాలా ఉంది. దాన్ని చరిత్రగా చదవడం పొరపాటు. వీరుడు ఎలా ఉండాలని జనం కోరుకున్నారో తెలుసుకోవడానికి చదవాలి.

ఈ కావ్యాల నుంచి ఈ కాలం తీసుకోకూడనిదీ ఉంది. పగకు పగ అనే ధర్మం 'బేవుల్ఫ్'లోని డేన్‌ల కొలువులనూ కాల్చింది, పల్నాడునూ కాల్చింది. రాయబారిగా వెళ్లిన అలరాజును చంపించడం, దానికి ప్రతీకారం, చివరికి నాగులేరు ఒడ్డున శవాల కుప్పలు. ప్రజాస్వామ్యంలో దొర లేడు. విధేయత ఒక మనిషికి కాక రాజ్యాంగానికీ, పక్కన నిలబడినవాడికీ చెందాలి. వ్యక్తిపూజను వీరత్వంగా చూపించే నేటి ప్రచారాలకు ఆ కావ్యాల్లోనే జవాబు ఉంది: తప్పు చేసిన నాయకుణ్ణి పొగుడుతూనే అతని తప్పునూ అవి రాసిపెట్టాయి.

తీసుకోవలసినది చిన్నవాడి పేరునూ మరవకపోవడం. ఇండియా గేటు పక్కన 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకాన్ని చక్రవ్యూహం తీరులో కట్టారు. అందులోని త్యాగచక్రం గోడల మీద గ్రానైట్ పలకల్లో, స్వాతంత్ర్యం తర్వాత అమరులైన పాతిక వేల మందికి పైగా సైనికుల పేర్లు ఉన్నాయి. సిపాయికీ, కర్నల్‌కూ ఒకే కొలత పలక. 2020 జూన్ 15న గల్వాన్‌లో ప్రాణాలిచ్చిన సూర్యాపేట బిడ్డ, బిహార్ రెజిమెంట్ 16వ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్ కర్నల్ సంతోష్‌బాబు పేరు అక్కడ ఉంది. ఆయన పడిపోయాక కూడా వెనుదిరగని జవాన్ల పేర్లూ ఉన్నాయి.

గురుగ్రామ్, నోయిడా, ద్వారకల్లో పెరుగుతున్న తెలుగు పిల్లలను ఇండియా గేటుకు తీసుకెళ్లే పెద్దలు ఆ గోడ దగ్గర కాసేపు ఆగాలి. కన్నమదాసు కథ చెప్పి, అక్కడి పేర్లు నాలుగు పైకి చదివించాలి.