జూ ఎవరి కోసం?

జూ అనగానే మన కాలేజీలో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, "అది చిన్నపిల్లలకి రా, మనకెందుకు?" రెండోది, "జంతువుల్ని బంధించడం పాపం, జూలన్నీ మూసెయ్యాలి." మొదటి మాటతో నాకు పేచీ లేదు. రెండో మాట గురించే ఈ నాలుగు ముక్కలు.

మన హైదరాబాద్ నెహ్రూ జూ పార్కునే తీసుకుందాం. 1963 అక్టోబర్ 6న తెరిచారు. మీర్ ఆలం చెరువు పక్కన దాదాపు 380 ఎకరాలు. చుట్టుపక్కలంతా పాతబస్తీ ఇరుకు గల్లీలు. ఆదివారం వెళ్లి చూడండి, టిఫిన్ డబ్బాలు పట్టుకుని ఇంటిల్లిపాదీ వచ్చి చెట్ల కింద కూర్చుంటారు. మాల్‌లో అయితే కూర్చోవాలన్నా ఏదో ఒకటి కొనాలి. ఇక్కడ టికెట్ తీసుకుంటే సాయంత్రం దాకా నీడ మనదే.

"నీడే కావాలంటే పార్కు చాలు కదా, జంతువులెందుకు?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి నా జవాబు పులీ కాదు, ఏనుగూ కాదు. మూషిక జింక.

బరువు మహా అయితే మూడు, నాలుగు కిలోలు. కొమ్ములుండవు. రాత్రిపూటే తిరుగుతుంది. వేట వల్లా, అడవి తరిగిపోవడం వల్లా అరుదైపోయింది. 2010లో సీసీఎంబీకి చెందిన లాకోన్స్ శాస్త్రవేత్తలు, అటవీశాఖ కలిసి మన జూలోనే వీటి సంతతి పెంచే పని మొదలుపెట్టారు. అక్కడ పుట్టినవాటిని తర్వాత నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. అంటే జూ తలుపు బయటికి కూడా తెరుచుకుంటుంది. జూని మూసేస్తే ఈ పని ఎక్కడ చేస్తాం చెప్పండి?

అలాగని జూలో అంతా బాగుందని అనను. ఉన్నచోటే అటూ ఇటూ అదేపనిగా తిరిగే జంతువు సుఖంగా లేదని అర్థం. దానికి ఇంకా చోటు, చెట్లు, చేసుకోవడానికి ఏదో ఒక పని కావాలి. 1992లో ఏర్పడిన కేంద్ర జూ అథారిటీ నిబంధనలు ఉన్నాయి. అవి అమలవుతున్నాయా అని అడగాలి. "మూసెయ్యండి" అనడం తేలిక, "బాగుచెయ్యండి" అని వెంటపడటమే కష్టం. పైగా, జూలోనే పుట్టి పెరిగిన సింహానికి వేట రాదు. గేటు తీసి పంపిస్తే అది స్వేచ్ఛ కాదు, చావు.

ఇక మన సంగతి. జూలో నిశాచర జంతువుల ఇల్లు ఉంది. లైట్లతో పగటిని రాత్రిగా, రాత్రిని పగలుగా మార్చి, వాటి తిరిగే వేళని మనం చూసే వేళకి తెస్తారు. భలే ఐడియా కదా! అందులోకి ఫోన్ ఫ్లాష్ వేసుకుని వెళ్లేది ఎవరు? చదువు రానివాళ్లు కాదు, మనమే. అద్దాలు బాదేదీ, ఈలలు వేసేదీ మన బ్యాచ్‌లే. జంతువుల హక్కుల గురించి స్టేటస్ పెట్టే ముందు ఈ పని మానేస్తే చాలు.

ఇంకో మాట. నెహ్రూ జూలో జంతువుల్ని దత్తత తీసుకునే పథకం ఉంది. జంతువు అక్కడే ఉంటుంది, మేత ఖర్చు మనం భరిస్తాం. ఫెస్ట్‌లో డీజే కోసం తలా ఇంత వేసుకుంటాం కదా, అందులో కొంత తీసి మన క్లబ్బు తరఫున ఒక చిన్న జీవిని పోషించలేమా? సోమవారం జూకి సెలవు. మిగతా ఏ రోజైనా నేను రెడీ, ఎవరెవరు వస్తారు?