ఒలికిన మూడు పాత్రలు, నిలిచిన రెండు పాత్రలు



హోసూరు ప్రాంతపు పల్లెల పిల్లలకు తెలుగు చెప్పుచున్న ఉపాధ్యాయుడను నేను. కొన్ని వారముల క్రితం ఎనిమిదవ తరగతిలో ప్రకృతి వికృతులు చెబుతుండగా, చివరి బల్లపై కూర్చున్న ఒక బాలిక పుస్తకము మధ్య ఏదో దాచుకొని చూచుట గమనించాను. తీసి చూడగా అది పేకముక్క వంటి అట్ట. బెంగుళూరులో ఉద్యోగము చేయు అక్క ఇచ్చినదట. దానిని 'టారో' అందురని, దానితో జాతకము చెప్పుదురని పక్క పిల్లలు చెప్పినారు. నాకు కోపము వచ్చినది. బడిలో ఈ జోస్యములేమిటని మందలించి, ఆ ముక్కను బల్ల సొరుగులో పడవేసినాను.

ఆ సాయంత్రము అమ్మాయి నా వద్దకు వచ్చి, ముక్కను తిరిగి ఇమ్మని అడుగలేదు. "అయ్యవారూ, ఆ బొమ్మలో మనిషి ఒక్కసారన్నా ఎనక్కి తిరిగి చూడడా?" అని మాత్రము అడిగినది. నేను జవాబు చెప్పలేకపోయినాను. ఆ ప్రశ్నయే ఈ వ్యాసమునకు కారణము.

మొదట ఆ ముక్క సంగతి చెప్పవలెను. టారో పేక 15వ శతాబ్దములో ఉత్తర ఇటలీలో ఆటకొరకే పుట్టినది. మిలాను ప్రభువుల కొరకు బంగారు రేకులు అద్ది చిత్రించిన ముక్కలు కొన్ని నేటికీ ప్రదర్శనశాలలలో ఉన్నవి. ఇవి ప్రాచీన ఈజిప్టు రహస్య గ్రంథమని 1781లో ఒక ఫ్రెంచి పండితుడు ప్రకటించెను. ఈజిప్టు లిపిని చదువుట అప్పటికి ఎవరికీ రాదు. 1822లో షాంపోలియన్ దానిని ఛేదించిన తరువాత కూడ ఈ ఊహకు ఆధారమేదీ దొరకలేదు. అయినను జోస్యపు ప్రచారము ఆగలేదు. మన సంతలలో చిలుక పంజరము నుండి బయటకు వచ్చి ముక్కుతో అట్టను లాగుట మనమందరము చూచినదే. చిలుకకు మన భవిష్యత్తు తెలియదు, అట్టకూ తెలియదు. కాబట్టి పిల్లలకు జోస్యము నేర్పుమని నేను చెప్పుట లేదని మొదటనే మనవి చేసుకొనుచున్నాను.

అయితే ఆ బొమ్మ వేరు. 78 ముక్కల ఆ పేకలో పాత్రల వర్గము ఒకటి. దానిని మన పేకలోని ఆఠీనుతో పోల్చుదురు. హృదయమునకు సంబంధించినదిగా భావించుదురు. అందులో ఐదవ ముక్క ఇది. నల్లని అంగీ కప్పుకొన్న ఒక మనిషి తల వంచి నిలుచున్నాడు. ఎదుట మూడు పాత్రలు బోర్లపడి, లోనిది నేలపాలైనది. వెనుక రెండు పాత్రలు నిలువుగానే ఉన్నవి. దూరముగా ఏరు, ఏటిపై వంతెన, అవతల ఒక చిన్న కోట. మనిషి చూపు మాత్రము ఒలికిన మూడింటిపైనే ఉన్నది.

ఈ పేకను 1909లో లండనులో అచ్చువేసినారు. రూపకల్పన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ అను ఆయనది. బొమ్మలు వ్రాసినది పమేలా కోల్మన్ స్మిత్ అను స్త్రీ. ఆమె 1878లో లండనులో పుట్టి, బాల్యములో కొంతకాలము జమైకా ద్వీపములో పెరిగినది. అచ్చటి పల్లె జనులు చెప్పుకొను సాలీడు కథలను వారి పలుకుబడిలోనే వ్రాసి 1899లో పుస్తకముగా ప్రచురించినది. ఈ పేక కొరకు ఆమెకు దొరికిన ప్రతిఫలము స్వల్పము. 1951లో అప్పులతో మరణించినది. పేక లోకమంతటా అమ్ముడుపోయినను దానిపై చాలాకాలము ఆమె పేరు లేదు. బొమ్మ మూలన ఆమె పెట్టుకొన్న చిన్న సంకేతాక్షరములు మాత్రమే మిగిలినవి. ఇంటి భాషలోని కథను చులకనగా చూడని మనిషి గీసిన బొమ్మ అని తెలిసిన తరువాత నా కోపము కొంత తగ్గినది.

వెయిట్ తన పుస్తకములో ఈ ముక్కకు చెప్పిన అర్థము గమనింపదగినది. ఇది నష్టమును సూచించునని, అయినను కొంత మిగిలియున్నదని చెప్పి ఊరుకొనలేదు. ఇది వారసత్వమునకు కూడ గుర్తు అన్నాడు. అయితే ఆశించినంత కాని వారసత్వము. ఈ మాట చదివినప్పుడు నాకు మన తరగతి గదులే గుర్తుకు వచ్చినవి.

ఆ బాలిక సంగతి తరువాత తెలిసినది. మూడు నెలల క్రితము ఆమె అవ్వ కాలము చేసినది. ఇంటిలో తల్లిదండ్రులు పనులకు పోవుదురు. తెలుగులో కథ చెప్పుటకు, మాట కలుపుటకు అవ్వ ఒక్కతియే ఉండెను. ఈ మూడు నెలలు నేను ఆ పిల్ల దస్తూరి పాడగుట చూచినాను, అక్షరదోషములు దిద్దినాను. కారణము మాత్రము అడుగలేదు. ఇది నా తప్పు, మీ ముందు ఒప్పుకొనుచున్నాను.

మరునాడు నేను ముక్కను చూపలేదు. బోర్డుపై సుద్దముక్కతో ఆ బొమ్మను గీసినాను. ఈ మనిషికి ఏమైనదని అడిగినాను. "అప్‌సెట్ అయినాడు" అన్నాడొకడు. "బేజారు" అన్నది మరొక అమ్మాయి. ఆపై మాటలు దొరకలేదు. అప్పుడు ఒక్కొక్క మాటనే వ్రాసినాను. దగ్గర లేని మనిషి కొరకు మనసు కొట్టుకొనుట బెంగ. ఏమగునో అను భయము కలిసినది దిగులు. జరిగిపోయినదానిని తలచి తలచి కుములుట వగపు. విచారమను మాటకు దుఃఖమనియు అర్థమే, ఆలోచన అనియు అర్థమే. బేజారు కూడ మన ప్రాంతపు మాటయే, దానిని కొట్టివేయలేదు. ఈ మనిషిది ఏది అని అడిగితే తరగతి అంతా వాదించినది. ఆ బాలిక మాత్రము మెల్లగా, "నాది బెంగ" అన్నది. బొమ్మలోని మనిషిని గురించి అడిగితే తనను గురించి చెప్పినది.

ఆ వారము వ్రాసిన వ్యాసములో ఆమె వాక్యములు రెండు: "అవ్వ చెప్పిన కతల్లో సగం మర్చిపోయినాను. మిగిలిన సగం చెల్లికి చెప్పాల." వర్ణక్రమమును నేను దిద్దలేదు.

మిత్రులారా, నా అభిప్రాయము ఇది. భాషాబోధన అనగా మనము లిపి, వ్యాకరణము, పద్యము అనుకొనుచున్నాము. తన దుఃఖమునకు పేరు పెట్టుకొనుట కూడ భాషాభ్యాసమే. శోకము శ్లోకమైనదని వాల్మీకిని గురించి చెప్పుదుము. శోకము కరుణరసమునకు స్థాయీభావమని పరీక్షకు వల్లె వేయించుదుము. కాని బల్లపై కూర్చున్న బిడ్డ శోకమునకు ఒక మాట ఇచ్చుట మరచితిమి. సంఘములో పై భాష ఒకటి, బడిలో మరొకటి, ఉద్యోగమునకు ఇంకొకటిగా పెరుగు మన పిల్లలకు ఏ భాషలోనూ ఏడ్చుటకు చాలినన్ని మాటలు లేకపోవు ప్రమాదమున్నది.

ఒక ఆక్షేపణ రావచ్చును. విదేశీ పేకముక్క మనకెందుకు, మన కావ్యములు లేవా అని. ఉన్నవి. కాని బిడ్డ చేతిలో ఏమున్నదో అక్కడినుండి పాఠము మొదలుపెట్టుట శిక్షణలో మనము నేర్చుకొన్న మొదటి సూత్రము. జోస్యమును పక్కన పెట్టి బొమ్మను తీసుకొన్నాను, అంతియే.

ఇంకొక హెచ్చరిక నాకు నేనే చెప్పుకొన్నాను. బొమ్మ చూపి "రెండు మిగిలినవి కదా, ఏడుపెందుకు" అనుట ఓదార్పు కాదు. ఆ బొమ్మలో మూడు పాత్రలు నిజముగానే ఒలికినవి. వాటిని ఎవరూ నిలబెట్టలేదు. వంతెన ఎక్కడికీ పోదు. మనిషి తనకు వీలైనప్పుడు తిరుగును. అంతవరకు పక్కన నిలుచుటయే పెద్దల పని.

ఇక మన సంగతి. నల్ల అంగీ మనమూ కప్పుకొన్నాము. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము ఒకటవ తరగతి నుండి ఏటేటా పైకి సాగి, 2016 నాటికి పదవ తరగతి పరీక్షలను చేరినది. మినహాయింపు కొరకు తల్లిదండ్రులు న్యాయస్థానములకెక్కిరి. తమిళము నేర్చుట మన పిల్లలకు మేలే. తెలుగు తగ్గుట మాత్రమే మన బాధ. నేను చేరిననాడు నిండుగా ఉన్న తెలుగు తరగతి నేడు మూడు బల్లలకు చాలును. సమావేశములలో ఒలికిన పాత్రలనే లెక్కించుదుము. ఆ వగపు న్యాయమైనదే. కాని ఆ మూడు బల్లలపై కూర్చున్నవారు వెనుక నిలిచిన పాత్రలు. మనము వారికి వీపు చూపుచున్నామేమో ఆలోచింపుడు.

ఉపాధ్యాయులకు నా విన్నపము: వారమునకొక పీరియడు ఒక బొమ్మ ఎదుట పెట్టి, అందులోని మనసును గురించి మాట్లాడనిండు, మార్కులు వేయవద్దు. తల్లిదండ్రులకు నా విన్నపము: మీ బిడ్డ "అప్‌సెట్" అన్నచో, బెంగయా, దిగులా, కోపమా అని ఇంటి మాటలో అడుగుడు. ఇంటిలో అవ్వ తాతలున్నచో ఈ వారమే ఒక కథ చెప్పించి వ్రాయించుడు. సగము తెలిసినను వ్రాయించుడు. ఆశించినంత కాకపోయినను అదియే మన వారసత్వము.

ముక్కను ఆ అమ్మాయికి తిరిగి ఇచ్చివేసినాను. తన ప్రశ్నకు జవాబు మాత్రము ఇంకను చెప్పలేదు. చెల్లెలికి చెప్పిన మొదటి కథ ఏదని అడిగినాను. గొంతు సవరించుకొని, తరగతి ముందు నిలబడి చెప్పినది.